మీదికొచ్చే పుంజుతో పందెం వేసుకోకండి

మూడేళ్ళ కిందట మా పెరట్లో ఒక పుంజు ఉండేది. ఎర్ర మెడ, నల్ల తోక, నాలుగు కిలోలకు అటూ ఇటూ బరువు. అది పిల్లగా ఉన్నప్పుడే మా నాన్నమ్మ అమ్మవారికి మొక్కేసింది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో దాని అర్థం ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరి పండగ వచ్చేదాకా దాన్ని కొయ్యకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. పండగేమో ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈలోగా పుంజుకు ఆరో నెల వచ్చింది, మనుషుల మీద పడడం మొదలెట్టింది. మొదట పాలబ్బాయి, తర్వాత మా బావ, ఆ తర్వాత చేతిలో చీపురున్న ఎవరైనా సరే. కోసేద్దామని ఎవరన్నా అంటే నాన్నమ్మది ఒకటే మాట: "అమ్మోరి కోడిరా అది, దాన్నేటీ సెయ్యొద్దు."

అలా వదిలించుకునే దారి లేని పుంజుతో ఏడాదిన్నర గడపాల్సొచ్చింది. మొదటి రెండు నెలలు నేను చేసినవన్నీ తప్పులే. పెరట్లో ఐదు నుంచి పదిహేను కోళ్ళు పెంచుకునేవాళ్ళ కోసం ఆ అనుభవమంతా వరసగా రాస్తున్నాను. మొక్కు లేని ఇళ్ళవాళ్ళకు కోసుకునే దారి ఎప్పుడూ ఉంది. అయినా కాపలాకు, గుడ్లు పొదిగించడానికి ఒక మంచి పుంజు కావాలనుకుంటే ఇవన్నీ తెలిసుండాలి.

ముందు పిల్లల్నీ ముసలివాళ్ళనీ కాపాడుకోండి

పుంజు ఎగిరి రెండు కాళ్ళూ ముందుకు విసురుతుంది. పెద్దవాళ్ళకు ఆ దెబ్బ పిక్కకో తొడకో తగులుతుంది. రెండేళ్ళ గుంటడికి అదే ఎత్తులో కళ్ళుంటాయి. ఇంట్లో ఐదారేళ్ళలోపు పిల్లలుంటే పుంజును మార్చడం గురించి రేపు ఆలోచించవచ్చు, వేరు చెయ్యడం మాత్రం ఈ రోజే జరగాలి. ముసలివాళ్ళకు పుంజు కాలి ముల్లు దెబ్బకన్నా పడిపోవడంతో ఎక్కువ ప్రమాదం. వెనక నుంచి పుంజు తన్నితే ఉలిక్కిపడి తూలి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు.

వేరు చెయ్యడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పెరటి మూల వెదురు తడకతోనో ఇనప జాలీతోనో ఐదడుగుల ఎత్తు దడి కట్టి, పైన పాత వల కప్పితే చాలు. లోపల నీడ, నీళ్ళ గిన్నె, ఎక్కి పడుకోవడానికి ఒక కర్ర ఉండాలి. పెట్టలు దానికి కనిపిస్తూ ఉంటే గోల తక్కువ చేస్తుంది. గంప కింద రోజంతా మూసి ఉంచడం మాత్రం వద్దు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మన తీరంలో ఏప్రిల్, మే నెలల ఉక్కలో ఎండలో బోర్లించిన గంప కింద కోడి చూస్తుండగానే చచ్చిపోతుంది.

అది నిజంగా దాడేనా, చూసుకోండి

పుంజు పెట్ట మెడ ఈకలు ముక్కుతో పట్టుకుని వీపు ఎక్కితే అది జత కట్టడమే. కొత్తగా కోళ్ళు పెంచేవాళ్ళు దాన్ని చూసి పుంజు పెట్టల్ని చంపేస్తోందని కంగారు పడతారు. పిల్లి వచ్చినప్పుడో, డేగ నీడ పడినప్పుడో అరుస్తూ అటూ ఇటూ పరిగెత్తడం దాని డ్యూటీ.

మనిషి మీదికి వచ్చే పుంజు ముందుగానే చెబుతుంది, మనకే చూసే అలవాటు లేదు. ఒక రెక్క నేలకు దించి, ఆ రెక్కను కాలితో గీరుతూ, పక్కపక్కగా అడుగులేస్తూ మీ చుట్టూ అర చక్రం తిరుగుతుంది. పెట్ట ముందు అలా తిరిగితే సరసం, మీ ముందు తిరిగితే మిమ్మల్ని కొలుస్తోందని లెక్క. రెండో గుర్తు ఇంకా తమాషాగా ఉంటుంది. గింజలేమీ లేని చోట నేల మీద పొడుస్తూ, మీ వైపు చూడనట్టే ఒక్కో అడుగూ దగ్గరికి జరుగుతుంది. మూడోది మెడ ఈకలు గొడుగులా విచ్చుకోవడం. అప్పటికి రెండు క్షణాల టైమ్ మాత్రమే మిగులుతుంది. ఇంకొన్ని పుంజులు ఇదేదీ చెయ్యవు. మీరు వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసేదాకా ఆగి, వెనక నుంచి వస్తాయి.

ఎందుకొస్తోందో ఐదు రోజులు రాసుకోండి

పుంజుకు ఐదారు నెలలు వచ్చేసరికి ఒంట్లో మగ హార్మోను పెరుగుతుంది. సంక్రాంతి దాటి పగలు పొడవయ్యే కొద్దీ ఆ వేడి ఇంకా ఎక్కువవుతుంది. అందుకే చాలా ఇళ్ళలో ఈ గొడవ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలవుతుంది. హార్మోను అన్ని పుంజులకూ ఉంటుంది, అన్నీ మనిషి మీదికి రావు. తేడా ఎక్కడుందో తెలియాలంటే కేలండర్ మీద రాసుకోవాలి: ఎన్నింటికి వచ్చింది, ఎవరి మీదికి, ఆ మనిషి చేతిలో ఏముంది, పెట్టలు ఎక్కడున్నాయి, తర్వాత మనిషి ఏం చేశాడు.

మా ఇంట్లో ఆ ఐదు రోజుల రాతలో మూడు సంగతులు బయటపడ్డాయి. నేను పెట్టను పట్టుకున్నప్పుడు అది అరిచింది, ఆ అరుపుకే పుంజు వచ్చింది. మెరిసే స్టీలు బకెట్ తీసుకెళ్ళిన ప్రతిసారీ వచ్చింది, ప్లాస్టిక్ బకెట్‌కి రాలేదు. స్టీలులో దానికి తన నీడే ఇంకో పుంజులా కనపడిందేమో. ఇక మా బావ కనపడితే కారణమే అక్కర్లేదు. మొదటి రోజు ఆయన లుంగీ ఎత్తి పట్టుకుని పరిగెత్తాడు, పుంజు దాన్ని మర్చిపోలేదు.

ఇంకొక కారణం మేమే చేసిపెట్టాం. దాని తల్లిని ముంగిస పట్టుకుపోతే, ఆ ఒక్క పిల్లనీ వంటింట్లో పెట్టి, చేత్తో మెతుకులు తినిపించి, భుజమెక్కించుకుని పెంచాం. అలా పెరిగిన పుంజుపిల్లకు మనిషంటే బెరుకుండదు. ఈడు వచ్చాక మనిషిని కూడా ఇంకో పుంజుగానే చూస్తుంది. ముద్దు చేసిన పుంజే మీద పడిందని చాలామంది బాధపడతారు కానీ, జరిగేది తరచూ అదే.

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న పుంజు ఒక్కసారిగా మారిపోతే మాత్రం ముందు దాని ఒళ్ళు చూడండి. రెక్కల కింద, గుదం చుట్టూ పేలు, పాదం కింద నల్లటి పక్కు కట్టిన గడ్డ, కంటి దగ్గర పుండు. నొప్పితో ఉన్న కోడిని ఎవరూ మచ్చిక చెయ్యలేరు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. విజయనగరం వైపు వాళ్ళకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

పెరటి లెక్క సరిచెయ్యండి

ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుండాలి. మా దగ్గర అప్పటికి నాలుగే మిగిలాయి. వాటి వీపుల మీద ఈకలు ఊడి చర్మం కనపడేది. పుంజుకు రోజంతా వేడి, కాపలా, టెన్షన్. పాలకొండ సంతలో ఇంకో ఐదు నాటు పెట్టల్ని తెచ్చి, మూడు వారాలు వేరే ఉంచి, కొక్కెర తెగులు లాంటివి లేవని చూసుకున్నాకే కలిపాం. సగం గొడవ అక్కడే తగ్గింది. పెట్టల్ని పెంచే స్థలం లేకపోతే, రెండు మూడు పుంజులున్న ఇంట్లో ఒకటి ఉంచి మిగతావి తగ్గించుకోండి.

రాత్రి గూట్లో పక్షికి మూడు నాలుగు చదరపు అడుగులైనా ఉండాలి. మేత ఒకే చోట కాకుండా రెండు మూడు చోట్ల వెయ్యండి. పెరట్లో దాక్కోవడానికి ఒక పొద, నిలబెట్టిన తడక, పాత బల్ల ఏదో ఒకటి ఉంటే, పెట్టలూ తప్పించుకుంటాయి, పుంజూ చల్లబడుతుంది.

ఎదురొచ్చిన క్షణంలో

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. మొదట పరిగెత్తాను. పుంజుకు అది గెలుపు, రెండో రోజు ఇంకా దూరం నుంచే వచ్చింది. తర్వాత రోషం వచ్చి కాలితో తన్నాను. దానికి అది రెండో రౌండ్. పడి లేచి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తన్నాను, మళ్ళీ వచ్చింది. మనవైపు పుంజులు చాలావాటిలో ఎంతో కొంత అసీలు రక్తం ఉంటుంది. దెబ్బ తిని వెనక్కి తగ్గకుండా వందల ఏళ్ళుగా ఏరి ఏరి పెంచిన జాతి అది. దానితో కొట్లాటకు దిగితే మీరు రోజూ దానికి శిక్షణ ఇస్తున్నట్టే. గట్టిగా తన్నితే ఎముకలు విరిగి చస్తుంది, ఏం నేర్చుకోదు.

మరి ఏం చెయ్యాలి? దానికి పందెమే దొరక్కూడదు. పరిగెత్తేవాడూ కనపడకూడదు, కొట్టేవాడూ కనపడకూడదు.

పెరట్లోకి వెళ్ళేటప్పుడు మందపాటి పేంటు, గమ్ బూట్లు వేసుకోండి. లుంగీ అంచు, చీర కుచ్చెళ్ళు, టపటపలాడే చెప్పులు దాన్ని రెచ్చగొడతాయి. చేతిలో కోళ్ళగంప గానీ, పాత ప్లాస్టిక్ ట్రే గానీ, ఒక పలక గానీ ఉంచుకోండి. చేట తేలికగా ఉంటుంది కానీ రెండు దెబ్బలకే చిరుగుతుంది, మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది.

అది మెడ ఈకలు విప్పగానే ఆగిపోండి. దాని వైపు తిరిగి నిలబడండి. వెనక్కి అడుగు వెయ్యొద్దు, దాని మీదికీ పోవద్దు. గంపను మోకాళ్ళ ముందు అడ్డం పెట్టండి. అది ఎగిరి గంపను తంతుంది. తన్ననివ్వండి. మీరు గంపను విసరకూడదు, నెట్టకూడదు, అరవకూడదు. గోడను తన్నినట్టు ఉండాలి దానికి. రెండు, మూడు, ఒక్కోసారి ఏడెనిమిది సార్లు తంతుంది. ఆఖరికి ఆగి, తల తిప్పుకుని, ఏదో పనున్నట్టు నేల పొడుస్తుంది, లేదా రెక్కలు విదిలించుకుంటుంది. అప్పుడు కూడా వెంటనే కదలొద్దు. అది రెండడుగులు పక్కకు పోయాక, మీరు నెమ్మదిగా అది నిలబడిన చోటు మీదుగానే నడుచుకుంటూ మీ పనికి పోండి. వీపు మాత్రం పూర్తిగా చూపించొద్దు, ఓరగా నడవండి.

మొదటి రోజు నాకు ఇలా నిలబడడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి నవ్వింది. నాలుగో రోజుకు మూడు నిమిషాలైంది.

కొందరు పుంజును నేలకు అదిమి, తల వంచి పట్టుకుంటే లొంగుతుందంటారు. నేను రెండుసార్లు చేశాను. నా చేతికి గాటు పడింది, పుంజు మరింత బెదిరింది. నా మటుకు నేను ఆ పని చెయ్యమని చెప్పను. ముఖం మీద నీళ్ళు కొట్టడం కొన్నిటికి పనిచేస్తుంది, మాదానికి స్నానంలా ఉండేది.

రోజూ చేసే పని, నాలుగు నుంచి ఆరు వారాలు

పొద్దున గూడు తలుపు తీసేటప్పుడు తలుపుకి ఎదురుగా నిలబడొద్దు, పక్కన నిలబడండి. నూకలూ చోళ్ళూ (రాగులు) మీ కాళ్ళ దగ్గర కాకుండా ఆరేడు అడుగుల దూరంలో చల్లండి. పుంజు టుక్ టుక్ మంటూ పెట్టల్ని పిలిచి, గింజ ముక్కుతో తీసి వాటి ముందు పడేస్తుంది. దానికి ఆ పెద్దరికం ఇవ్వండి. మీ చేత్తో పుంజుకు తినిపించడం మాత్రం ఈ ఆరు వారాలూ మానెయ్యండి, దాని ఎదురుగా పెట్టల్ని చేత్తో తినిపించడం కూడా.

రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున, ఏ పనీ లేకుండా పెరట్లో నడవండి. పుంజు ఉన్న వైపే నెమ్మదిగా నడిస్తే అది పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకపోతే పొడవాటి వెదురు కర్రను నేలకు ఆనించి, దాని పక్కన గీత గీసినట్టు జరుపుతూ తోలండి. కర్రతో కొట్టొద్దు, అది చెయ్యి పొడవు పెంచడానికే.

పెట్టను పట్టుకోవాల్సి వస్తే పగలు పుంజు ముందు పట్టుకోకండి. కోళ్ళకు చీకట్లో చూపు బాగా తక్కువ. రాత్రి ఎనిమిది దాటాక టార్చికి ఎర్ర కాగితం కట్టుకుని వెళితే అరుపే ఉండదు.

రెండో వారం నుంచి పుంజును కూడా రాత్రిపూట అది పడుకునే కర్ర మీంచే ఎత్తుకోండి. రెండు రెక్కలూ ఒంటికి అదిమి, చంకలో పెట్టుకుని, రెండో చేత్తో కాళ్ళు పట్టుకోవాలి. తలకిందులుగా వేలాడదియ్యొద్దు. కోడికి మనలా ఊపిరితిత్తుల కింద పొర ఉండదు, కిందికి వేలాడితే లోపలి అవయవాల బరువు మీద పడి ఊపిరి కష్టమవుతుంది. ఐదు నిమిషాలు అలాగే పెరట్లో తిరిగి, అది కాళ్ళు కొట్టుకోవడం మానేశాకే దించండి. కొట్టుకుంటుండగా వదిలేస్తే, కొట్టుకుంటే వదులుతారని నేర్చుకుంటుంది.

ఇంట్లో అందరూ ఒకేలా ఉండాలి, ఇదే అన్నిటికన్నా కష్టం. నేను నిలబడితే, మా అప్ప చీపురుతో బాదేది, బావ పరిగెత్తేవాడు. పుంజుకు మనుషులు గుర్తుంటారు. నాతో నెల రోజుల్లో మామూలైపోయింది, బావతో ఎప్పటికీ అవ్వలేదు. చివరికి బావ వచ్చే ముందు ఫోన్ చేసి, పుంజు దడిలో ఉందా అని అడిగి వచ్చేవాడు.

కాలి ముల్లు

పుంజు కాలి వెనక, వేళ్ళకు కాస్త పైన మొలిచే ముల్లుకు పైన గోరులాంటి తొడుగు, లోపల ఎముక ఉంటాయి. లోపలి దానిలో రక్తం ఆడుతుంది. కాబట్టి మొదలంటా కొయ్యకూడదు, మెలితిప్పి పీకకూడదు. వేడి బంగాళాదుంప గుచ్చి తొడుగు ఊడదియ్యడం అనే చిట్కా ఒకటి తిరుగుతోంది, కోడికి కాలి బొబ్బలు వస్తాయి.

రాత్రి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొన మాత్రం, పావు వంతుకు మించకుండా, కుక్కల గోళ్ళు తీసే కత్తెరతో తుంచండి. తర్వాత ఆకురాయితోనో ఉప్పుకాగితంతోనో గుండ్రంగా రుద్దండి. అసలు కత్తెర లేకుండా వారానికోసారి రుద్దినా చాలు. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోండి. మొద్దుబారిన ముల్లు పుంజు గుణాన్ని మార్చదు, దెబ్బ తీవ్రత తగ్గిస్తుంది, పెట్టల వీపులనూ కాపాడుతుంది.

మా ఊళ్ళో ఒకాయన, కోడెకు బీజాలు కొట్టించినట్టు పుంజుకూ కొట్టిస్తే పోదా అనడిగాడు. పుంజుకు బీజాలు కడుపు లోపల, నడుముకు ఆనుకుని ఉంటాయి. ఇంట్లో చేసే పని కాదది.

దెబ్బ తగిలితే

గాయం చిన్నగా కనపడుతుంది, లోతు ఎక్కువ ఉంటుంది. ముల్లుకు పేడా మట్టీ అంటి ఉంటాయి. వెంటనే పంపు నీళ్ళ కింద సబ్బుతో పది నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి కూరొద్దు. లోతైన మట్టి గాయానికి, ధనుర్వాతం టీకా వేసుకుని ఐదేళ్ళు దాటితే పీహెచ్‌సీకి వెళ్ళి వేయించుకోవాలి. కుక్క కాటు గుర్తొచ్చి రేబిస్ భయపడతారు కానీ, అది కోళ్ళ నుంచి రాదు. కీలు దగ్గర గుచ్చుకున్నా, మర్నాటికి వాచి ఎర్రబడి వేడెక్కినా డాక్టర్‌కి చూపించండి. కన్నైతే కడుక్కుంటూ కూర్చోకుండా నేరుగా కంటాసుపత్రికే.

ఆరు వారాలైనా మారకపోతే

కొన్ని మారవు. ఒప్పుకోవాలి. దెబ్బల సంఖ్య కేలండర్ మీద తగ్గకపోతే, వెనక నుంచి వచ్చే అలవాటు పోకపోతే, ఇంట్లో పిల్లలుంటే ఇంక ఆశ పెట్టుకోవద్దు. పెట్టలు లేని దడిలో వేరే ఉంచితే కొన్ని పుంజులు చల్లబడతాయి. గుడ్లకైతే పుంజు అవసరమే లేదు, పొదగడానికే కావాలి.

కూర చేసుకుంటే ఏడాది దాటిన పుంజు మాంసం గట్టిగా ఉంటుంది, సన్నని సెగ మీద చాలాసేపు ఉడకాలి. ఈమధ్య ఏదైనా మందు వేసి ఉంటే ఎన్నాళ్ళు ఆగాలో పశువైద్యుణ్ణి అడిగాకే కొయ్యండి. ఎవరికైనా అమ్మితే దాని గుణం దాచకుండా చెప్పండి, వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు.

డిసెంబరు నెలలో బండి మీద వచ్చి, "ఇంత పౌరుషం ఉందా, మాకివ్వండి" అని రేటు పెంచేవాళ్ళుంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం నేరం. కోడిపందేలు ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 కిందికీ వస్తాయి. అదలా ఉంచినా, పందెం కోళ్ళు పెంచేవాళ్ళకు కూడా మనిషి మీదికొచ్చే పుంజు పనికిరాదు. కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ చేతిలో ఒదిగి ఉండాలి కదా. అసలైన అసీలు సాటి పుంజును చీల్చేస్తుంది కానీ యజమాని చేతిలో పిల్లిలా ఉంటుంది.

తర్వాతి పుంజును ఎంచుకునేటప్పుడు

ఈ గుణం పిల్లలకూ కొంత దిగుతుంది. అందుకే అమ్మవారి పుంజు ఉన్నన్నాళ్ళూ దాని గుడ్లు పొదగెయ్యలేదు. జత కట్టాక కూడా రెండు మూడు వారాలు పెట్ట కడుపులో వీర్యం నిలవుంటుంది. కాబట్టి పుంజును మార్చినా మూడు వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లే పొదగెయ్యాలి. పొదగేసిన దగ్గర్నించి పిల్లలవడానికి ఇరవై ఒక్క రోజులు.

పుంజుపిల్లల్ని ఒంటరిగా, చేతుల్లో పెంచకండి. తల్లి దగ్గర, పెద్ద పెట్టల మధ్య పెరగనివ్వండి. హద్దు మీరితే ముసలి పెట్టలు నెత్తి మీద పొడిచి బుద్ధి చెబుతాయి, ఆ పని మనకన్నా బాగా చేస్తాయి. మూడు నాలుగు పుంజుపిల్లలుంటే ఎనిమిది నెలల దాకా చూసి ఒకటి ఉంచుకోండి: మీరు నడిస్తే తప్పుకునేది, గింజ దొరికితే ముందు పెట్టను పిలిచేది, పైన డేగ కనపడితే అరిచేది.

పండగ రోజు నాన్నమ్మ తనే పుంజును చంకలో పెట్టుకుని గుడి దాకా నడిచింది. దారిలో ఒక్కసారి కూడా కాళ్ళు కొట్టుకోలేదు. ఇప్పుడు మా పెరట్లో ఉన్నది తెల్ల మచ్చల పుంజు, ఏడో నెల నడుస్తోంది. మనుషులొస్తే పక్కకు పోతుంది, నూకలు వేస్తే పెట్టల్ని పిలుస్తుంది. ముల్లు ఇంకా బొడిపెగానే ఉంది. సంక్రాంతి దాటాక చూడాలి. మా బావ మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసే వస్తున్నాడు.